స్టేషన్‌ సిబ్బందికి ఏ తుపాకీ ఉండాలి? డెల్టా వాళ్ల మాట కావాలి

ఖాకీచొక్కా | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. గోదావరి డెల్టాలో ఓ చిన్న స్టేషన్లో ఎస్సైగా చేస్తున్నాను. ఏ ఊరో అడక్కండి. పైనుంచి ఓ కాగితం వచ్చింది. స్టేషన్‌కి ఎలాంటి ఆయుధాలు కావాలో, ఎందుకు కావాలో రెండు పేజీల్లో రాసి పంపమన్నారు. మమ్మల్ని ఇలా అడగడం నా సర్వీసులో ఇదే మొదలు. అందుకే పాత ఫైల్లోంచి ఎత్తి రాసి పడేయబుద్ధి కావడం లేదు.

మా దగ్గరున్నవి అందరి దగ్గరా ఉండేవే. ఎస్సైకి 9 ఎం.ఎం. పిస్టల్, సెంట్రీకి రైఫిలు, మూలన నా కంటే వయసులో పెద్దదైన ఓ 410 మస్కెట్.

తొమ్మిదేళ్లలో పిస్టల్ ఒరలోంచి రెండుసార్లు తీశాను, ఒక్కసారీ పేల్చలేదు. మొదటిసారి హైవే మీద గంజాయి బండి. రెండోసారి కత్తి పట్టుకుని పెళ్లాన్ని గదిలో పెట్టి గడియేసుకున్న తాగుబోతు. తలుపు తన్ని లోపలికెళ్లి పిస్టల్ తీశాను గానీ, నిమిషంలో మళ్లీ ఒరలో పెట్టేశాను. వాడి వెనకున్నది గోడ కాదు, తాటాకు దడి. దడికి అవతల వంటింట్లో ఇద్దరు పిల్లలు. సందుల్లోంచి వాళ్ల గౌన్ల రంగు కనపడుతోంది. చివరికి హెడ్డు గారు మంచం ఎత్తి వాడి మీదికి తోశారు, కత్తి కింద పడింది.

అప్పట్నుంచీ నాకు ఇదే ఆలోచన. కొత్త తుపాకీ అడగాలా, అడిగితే ఏది? తెలిసినవాళ్లు చెప్పండి.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 9:58

మంచి చర్చ, సాగనివ్వండి. స్టేషన్ పేరు, ఆయుధాల లెక్క, ఎక్కడ భద్రపరుస్తారు, సెంట్రీ ఎన్ని గంటలకి మారతాడు, ఇవేవీ రాయొద్దు. రాస్తే తీసేస్తాను. తర్వాత నన్ను తిట్టొద్దు.

ఈసారి_కొడతా | సోమవారం, రాత్రి 10:05

సార్, నేను కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నా. ఇందులో ఆలోచించడానికేముంది? అందరికీ ఏకే 47 ఇచ్చేస్తే పోలా? బురదలో పడేసినా పేలుతుందంటారు కదా. మన డెల్టాలో బురదే కదా ఉండేది 😀

మాజీ_హవల్దార్ | సోమవారం, రాత్రి 10:31

తమ్ముడూ, పేలడం గొప్ప కాదు, పేలాక ఆ గుండు ఎక్కడ ఆగుతుందన్నది చూడాలి. నేను ఇన్‌ఫాంట్రీలో పాతికేళ్లకి దగ్గరగా చేసి వచ్చాను. ఇప్పుడు ఓ బ్యాంకు గుమ్మం ముందు పన్నెండు బోర్ డబుల్ బారెల్ పట్టుకుని నిలబడుతున్నాను. రెండు ప్రపంచాలూ చూశాను కాబట్టి చెప్తున్నా.

ఏకే గుండు సెకనుకి సుమారు 715 మీటర్ల వేగంతో వెళ్తుంది. పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ది 740 పైచిలుకు. ఎస్సెల్లార్ రైఫిల్ది 800 దాటుతుంది. మన ఎస్సై గారి తాటాకు దడి సంగతి వదిలేయ్, ఒంటిటుక గోడక్కూడా ఎస్సెల్లార్ ముందు పరువుండదు. ఇవి దూరాన ఉన్న శత్రువు కోసం చేసినవి. పాలకొల్లు సంతలో అంత దూరం ఎక్కడుంది?

అయినా రైఫిల్ని పూర్తిగా కొట్టిపారేయను. గుమ్మం ముందు పొడుగాటి తుపాకీ కనపడితే వచ్చేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. నడుముకున్న పిస్టల్‌కి ఆ హోదా రాదు.

ఇన్సాస్ రైఫిల్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. 1999 కార్గిల్లో చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయన్న మాట నిజమే. కానీ అమలాపురంలో మంచు కురవదు కదా. 5.56 గుండు, ఇరవై రౌండ్ల మ్యాగజీన్, తన్నుడు తక్కువ. సెంట్రీకి అది చెడ్డదేం కాదు.

పాత_ఆర్మరర్ | మంగళవారం, ఉదయం 5:50

ఆయ్, నమస్కారమండి ఎస్సై గారూ. ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ముప్ఫై ఏళ్లు తుపాకులు విప్పి, తుడిచి, బిగించి రిటైరయ్యాను. నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తది, అలవాటు. అందుకే ఈ టయానికి రాస్తున్నా.

ఏ తుపాకీ మంచిదని అందరూ అడుగుతారండి. ఏది తుప్పు పట్టకుండా ఉంటుందని ఎవరూ అడగరు. మన నేల సంగతి చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి. ఆగస్టులో గోదారి పొంగితే స్టేషన్లోకి నీరు రాకపోయినా నేల చెమ్మెక్కిపోద్ది. నల్లరంగు వేసిన పాత ఇనప గొట్టాన్ని ముట్టుకుని, వేలిముద్ర తుడవకుండా బీరువాలో పెట్టండి. వారం తిరిగేసరికి ఆ వేలిముద్ర ఎర్రగా అచ్చు దిగిపోయి ఉంటది. నేను ఆ ముద్రల్ని బట్టి ఎవరు ముట్టుకున్నారో చెప్పేవాణ్ణి, క్లూస్ టీం అక్కర్లేకుండా.

చెక్క ఇంకో బాధ. త్రీనాట్‌త్రీకీ, ఎస్సెల్లార్‌కీ చెక్క ఉంటుంది కదండి. వానాకాలం నీరు పీల్చి ఉబ్బుద్ది, ఎండాకాలం బిగుసుకుంటది. త్రీనాట్‌త్రీలో ఆ చెక్క గొట్టం పొడుగునా పట్టుకుని ఉంటుంది. చెక్క ఒత్తిడి మారితే గుండు పడే చోటూ మారిపోద్ది. ఏప్రిల్లో గురి సరిచేసిన రైఫిలు సెప్టెంబరులో పక్కకి కొడతా ఉంటది. కాల్చినోడు తన చెయ్యే వణికిందనుకుంటాడు పాపం.

ఓ సంగతి చెప్తాను, ఏ స్టేషనో చెప్పను. డిసెంబరు నెల. రైఫిల్ ఆయిల్ అయిపోయింది, ఇండెంట్ పెడితే రావడం లేటు. సెంట్రీ కుర్రోడు కోనసీమ వాడు, తెలివైనోడు. ఇంటి నుంచి కొబ్బరి నూనె తెచ్చి త్రీనాట్‌త్రీలో గుండుని గొట్టంలోకి తోసే బోల్టుకి సుబ్బరంగా పట్టించాడు. మధ్యాహ్నం భలే జారతా ఉంది. తెల్లారగట్ల తనిఖీకి పెద్దాయన వచ్చి బోల్టు తెరవమన్నారు. ఏది, రాదే! తలకి రాసుకునే సీసాలో నూనె చలికాలం తెల్లగా పేరుకోదండీ? లోపలా అదే కథ. కుర్రోడు రైఫిల్ని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డకి కాపడం పెట్టినట్టు అరచేతులతో రుద్దుతుంటే, పెద్దాయన నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయారు. మెమో మాత్రం నాకు ఇచ్చారు.

కాబట్టి ఎస్సై గారూ, ఏ తుపాకీ రాసినా దాని కింద నూనె, గుడ్డ, బ్రష్షు, చెమ్మ లాగే సరంజామా కూడా రాయండి. తుపాకీ శాంక్షనవుతుంది, నూనె అవ్వదు. ఎప్పుడూ ఇదే వరస.

ఈసారి_కొడతా | మంగళవారం, ఉదయం 7:12

కొబ్బరి నూనె 😂😂 తాతగారూ మీరు రోజూ రాయండి.

డల్లాస్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 8:20

మాది రాజోలు దగ్గర. ఇక్కడ టెక్సాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, వారాంతం గురి పోటీలకి వెళ్తుంటాను. అమెరికా పోలీసులు ఈ ప్రశ్నతో నలభై ఏళ్లు కుస్తీ పట్టారు. ఆ కథ మీకు పనికొస్తుంది.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీగాళ్లతో ఎఫ్‌బీఐ వాళ్లకి కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగకి మొదట్లోనే 9 ఎం.ఎం. గుండు తగిలింది, అది గుండెకి కాస్త ఇవతల ఆగిపోయింది. వాడు ఆ గాయంతోనే కాల్చుకుంటూ పోయాడు. తప్పంతా గుండుదే అన్నారు. పెద్ద గుండు కావాలని 10 ఎం.ఎం.కి వెళ్లారు. అది మరీ తన్నుతోందని 1990లో వచ్చిన .40 అంగుళం గుండుకి దిగారు. దేశం మొత్తం వాళ్ల వెనకే నడిచింది. పాతికేళ్లు గడిచాక ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చేసింది! తన్నుడు తక్కువైతే మామూలు ఉద్యోగి గురి మెరుగ్గా ఉంటోంది, గుండ్ల తయారీ కూడా బాగుపడింది అన్నారు. ఊరంతా తిరిగి మళ్లీ రావిచెట్టు కిందికే వచ్చినట్టు.

నా ఓటు గ్లాక్ 17 పిస్టల్‌కి. ప్లాస్టిక్ బాడీ, పదిహేడు రౌండ్లు, గొట్టానికీ, పైన జారే స్లైడుకీ తుప్పు తట్టుకునే పూత. ఆర్మరర్ గారి వేలిముద్ర కథకి ఇదే మందు. మన ఎన్‌ఎస్‌జీ కమాండోలూ వాడేది అదే.

ఇంకో మాట. ఇక్కడి పోలీసులు కొన విచ్చుకునే గుండు వాడతారు. అది మనిషిలోనే చాలావరకు ఆగుతుంది. మన దగ్గర మామూలుగా ఇచ్చేది రాగి తొడుగు నిండుగా ఉన్న గుండు, అది దూరి అవతలికి పోతుంది. విచ్చుకునే గుండ్లని 1899 హేగ్ ఒప్పందం యుద్ధంలో నిషేధించింది, పోలీసు పనికి ఆ నిషేధం లేదు. విచిత్రమేంటంటే ఆ గుండ్లకి డమ్‌డమ్ అనే పేరు మన కలకత్తా పక్కనున్న ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.

బ్లూకోల్ట్స్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:45

అందరూ గుండు గురించే మాట్లాడుతున్నారు. చెయ్యి గురించి నేను మాట్లాడతా.

నా చెయ్యి చిన్నది. మనకిచ్చే ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్టల్‌లో పదమూడు రౌండ్లు రెండు వరసల్లో ఉంటాయి కాబట్టి పిడి లావు. పట్టుకుంటే నా చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా కొసతోనే అందుతుంది. సరిగ్గా అందాలంటే పిడిని కాస్త పక్కకి తిప్పి పట్టాలి. అలా పట్టి కాలిస్తే బొటనవేలి ఎముక మీద తంతుంది. ట్రైనింగ్‌లో "ఆడవాళ్లకి గురి ఉండదు" అని నవ్వారు. ఓసారి పాత .38 రివాల్వర్ ఇచ్చారు. పిడి నా చేతికి చక్కగా ఇమిడింది. ట్రిగ్గర్ బరువే, అయినా ఆరింటికి ఐదు లోపలి వలయంలో పడ్డాయి. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

గ్లాక్‌లో నాలుగో తరం నుంచి, అంటే 2010 తర్వాత వచ్చినవాటిలో, పిడి వెనక ముక్క మార్చుకోవచ్చు. చిన్న చేతికి చిన్నది, పెద్ద చేతికి పెద్దది. ఎస్సై గారూ, తుపాకీ ఏదైనా సరే, "పిడి కొలత మార్చుకునే వీలుండాలి" అని ఒక్క లైను రాయండి. స్టేషన్లో ఇప్పుడు మేం కూడా ఉన్నాం కదా.

రెండోది ఒర. నేను రోజంతా బండి మీద ఉంటాను. బట్ట ఒర వానకి తడిసి రెండు రోజులు ఆరదు. మూత గుండీ బిగుసుకుపోతుంది, లేదా ఊడిపోతుంది. సంక్రాంతి బరుల దగ్గర జనంలో నిలబడితే నా కుడి చెయ్యి మొత్తం ఒర మీదే ఉంటుంది, ఎవడు లాక్కుపోతాడో అని. అలాంటప్పుడు లాఠీ ఏ చేత్తో పట్టుకోవాలి? నిజం చెప్తున్నా, ఆ రోజుల్లో పిస్టల్ స్టేషన్లోనే ఉంచి వెళ్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

పాత_ఆర్మరర్ | మంగళవారం, సాయంత్రం 6:05

అమ్మాయి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. కాలు చూసి చెప్పు కొంటాం గానీ చెయ్యి చూసి పిస్టల్ ఇవ్వం.

డల్లాస్ బాబు గారూ, గ్లాక్ మంచిదేనండి, కాదనను. అయితే ఒక గండం చెప్తాను. మా ఇషాపూర్ పిస్టల్‌కి మ్యాగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పని చెయ్యదు. గొట్టంలో గుండు ఉండిపోయినా పేలదు. మనవాళ్లు దశాబ్దాల తరబడి దానికి అలవాటు పడ్డారు. మ్యాగజీన్ లాగేస్తే ఖాళీ అయిపోయిందనే ధీమా చేతిలోకి ఎక్కేసింది. గ్లాక్ అలా కాదు. మ్యాగజీన్ తీసినా గొట్టంలో గుండుంటే పేలుతుంది. పైగా దాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే! పాత అలవాటున్న హెడ్డు గారు ఆదివారం పొద్దున్న మంచం మీద కూర్చుని తుడుద్దామని మ్యాగజీన్ లాగి, ట్రిగ్గర్ నొక్కారనుకోండి. ఎదురుగా కాఫీ తెస్తున్నది ఎవరు?

తప్పు గ్లాక్‌ది కాదు. తుపాకీ మారితే చేతిలో ఉన్న పాత అలవాటు ముందు చంపాలి. అది ఒక పూట లెక్చరుతో చావదు. ఇసుక పెట్టెలోకి గురిపెట్టి, మ్యాగజీన్ తీసి, స్లైడు లాగి, వేలు పెట్టి చూసి, ఇంకోడికి చూపించి, అప్పుడు నొక్కాలి. ఈ పని రోజూ చెయ్యాలి. మనసు వేరే ఎక్కడో ఉన్నా చెయ్యి దానంతటదే చేసుకుపోవాలి.

డల్లాస్_బాబాయ్ | మంగళవారం, రాత్రి 9:10

ఒప్పుకుంటున్నాను. న్యూయార్క్‌లోనూ సరిగ్గా ఇదే భయం. 1993లో రివాల్వర్ల నుంచి 9 ఎం.ఎం.కి మారుతూ, పాత బరువు ట్రిగ్గర్‌కి అలవాటైన వేళ్లు పొరపాటున నొక్కేస్తాయని గ్లాక్ ట్రిగ్గర్‌ని రెట్టింపు బరువు చేయించారు. మామూలుగా రెండున్నర కిలోలు ఉండేది, దాన్ని ఐదు దాటించారు. దాంతో పొరపాట్లు తగ్గాలనుకుంటే గురి కూడా తగ్గిందని అక్కడి వాళ్లే గొణిగేవారు.

వకీలు_కాకినాడ | బుధవారం, ఉదయం 10:30

పోలీసు మిత్రులకి చట్టం కొత్త నంబర్లు ఇంకా నాలుక మీదికి రాలేదనుకుంటా, గుర్తు చేస్తాను. గుంపుని చెదరగొట్టడం పాత సీఆర్‌పీసీలో 129, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 148. అరెస్టు ఎలా చెయ్యాలన్నది పాత 46, ఇప్పుడు 43. ఎదురు తిరిగితే అవసరమైన బలం వాడొచ్చు. అయితే మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేనివాణ్ణి అరెస్టు పేరుతో చంపే హక్కు ఈ సెక్షను ఇవ్వదు. ఆత్మరక్షణ వేరు, అది పాత ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 34 నుంచి 44 దాకా ఉంది. కాల్పుల్లో మనిషి పోతే ఏం చెయ్యాలో సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కేసులో పదహారు సూత్రాలు పెట్టింది. వేరే స్టేషనో సీఐడీయో విచారించాలి, కాల్చిన ఆయుధం అప్పగించాలి.

ఇవెందుకు చెప్తున్నానంటే, పేలిన ప్రతి గుండుకీ సాక్షిబోనులో ఒక ప్రశ్న ఉంటుంది. "అది ఎవరికి తగిలింది?" కంటే ముందు "అవతల ఎవరున్నారో చూశారా?" అని అడుగుతాం. దడి చూసి పిస్టల్ ఒరలో పెట్టిన ఎస్సై గారిని బోనులో ఆ ప్రశ్న అడగడానికి నాకు అవకాశమే ఉండదు.

2022 మే 24 అమలాపురం గుర్తుంది కదా. జిల్లా పేరు మీద గొడవ, ఇళ్లు తగలబడ్డాయి, పోలీసులకీ దెబ్బలు తగిలాయి. అలాంటి గుంపులోకి ఒక ఎస్సెల్లార్ గుండు వెళ్తే ముందున్నవాడితో ఆగదు. గుంపుల కోసం రాసేటప్పుడు తుపాకీ కాదు, డాలు, హెల్మెట్, టియర్ గ్యాస్ రాయండి.

మాజీ_హవల్దార్ | బుధవారం, ఉదయం 11:15

గ్యాస్ రాసేటప్పుడు గాలి కూడా చూసుకోమనండి వకీలు గారూ. సముద్రపు గాలి మళ్లిందంటే గ్యాసు మనకే హారతి ఇస్తుంది. ముందు ఏడ్చేది మనమే.

లంక_రైతు | బుధవారం, రాత్రి 8:00

నాకు తుపాకుల గురించి పెద్దగా తెలవదండి. మా నాన్నగారికి లైసెన్సు ఉన్న సింగిల్ బారెల్ ఉండేది, పందుల కోసం. చిన్నప్పుడు ఓసారి కాలవలో ఈదుతున్న పంది మీద కాల్చారు. గుళ్లు నీళ్లలో మునుగుతాయనుకున్నాం. నీటి మీద పెంకు విసిరితే గెంతుకుంటూ పోద్ది చూడండి, అచ్చం అలాగే లేచిపోయి అవతలి గట్టు మీద కొబ్బరి చెట్టుకి దిగాయి. ఆ చెట్టు కింద పావుగంట ముందే దింపు తీసేవాళ్లు కూర్చుని చద్దన్నం తిన్నారు. నాన్నగారు ఇంటికొచ్చి తుపాకీ తుడవకుండానే మూలన పెట్టేశారు. మళ్లీ ముట్టుకోగా నేను చూడలేదు.

మా లంకల్లో ఎటు చూసినా నీళ్లే. కాలవ, పంటబోదె, చేపల చెరువు, రొయ్యల చెరువు. గుండు నేలలో దిగిపోతుందిలే అనుకోవడానికి లేదండి ఇక్కడ. అంతే నేను చెప్పదలచుకున్నది.

పాత_ఆర్మరర్ | గురువారం, ఉదయం 5:45

రైతు గారు చెప్పినదాంట్లోంచే అసలు సంగతి వస్తంది ఎస్సై గారూ. రాత్రంతా ఆలోచించాను.

డెల్టాలో కొండ లేదు. కొండ లేకపోతే రైఫిల్ బట్టు, అంటే గుండ్లని ఆపే గట్టు, పెట్టడానికి చోటు లేదు. ఎస్సెల్లార్ గుండు ఎత్తి కాలిస్తే మూడు కిలోమీటర్ల పైన పోద్ది. మన దగ్గర కిలోమీటరుకో ఊరు, మధ్యలో చేలల్లో కూలోళ్లు. ఎంత మట్టికట్ట పోసినా పక్క ఊరోళ్లు గోల పెడతారు, వాళ్ల గోల న్యాయమే. అందుకని రైఫిల్ ప్రాక్టీసంటే బస్సు కట్టుకుని మెట్ట వైపు, కొండవార వెళ్లాలి. బస్సు దొరకదు, బందోబస్తు వచ్చిపడుద్ది, ఏడాది గడిచిపోద్ది. పిస్టల్‌కైతే అంత హంగామా అక్కర్లేదు. పాతిక మీటర్ల చోటు, మూడు పక్కలా మందపాటి కట్ట, పైన అడ్డాలు ఉంటే జిల్లా కేంద్రంలోనే నెలనెలా కాల్చుకోవచ్చు.

కాబట్టి మీ ఊళ్లో మీరు ప్రాక్టీసు చెయ్యగలిగిన తుపాకీయే మీ తుపాకీ. చెయ్యలేనిది ఎంత గొప్పదైనా అది కోత్‌లో, అదే ఆయుధాల గదిలో, ఉన్న ఇనుమేనండి.

అన్నీ 9 ఎం.ఎం. లో అడగండి. ఎస్సైకి, ఏఎస్సైకి పిస్టల్. పొడుగు తుపాకీ కావాలంటే అదే గుండు కాల్చే కార్బైన్, అంటే పొట్టి రైఫిలు. గుండు ఒకటే, ఇండెంటు ఒకటే, ప్రాక్టీసు చోటు ఒకటే. పాత కాన్పూర్ కార్బైన్ మాత్రం వద్దు. దాంట్లో బోల్టు వెనకుండి, ముందుకొచ్చి పేలుస్తుంది. మ్యాగజీన్ పెట్టి, సేఫ్టీ మర్చిపోయి, గట్టిగా కింద పడేస్తే దేవుడే దిక్కు. బోల్టు మూసుకుని పేలే ఎంపీ5 లాంటిదైతే గురీ కుదురుద్ది, భయమూ తక్కువ.

ఈసారి_కొడతా | గురువారం, ఉదయం 9:00

జేవీపీసీ అని మన డీఆర్‌డీవో కార్బైన్ ఉంది కదా తాతగారూ? మూడు కిలోలే, ముప్ఫై రౌండ్లు. కరెంట్ అఫైర్స్‌లో వచ్చింది.

పాత_ఆర్మరర్ | గురువారం, ఉదయం 9:40

ఉంది బాబూ, తేలికైనదే. కానీ దాని గుండు 5.56 బై 30, ఇన్సాస్‌ది 5.56 బై 45. పేరు ఒకలాగే ఉంటది, ఒకదాంట్లోది ఇంకోదానికి పనికిరాదు. స్టేషన్లో మూడు రకాల గుండ్లు పెట్టామంటే ఒక రాత్రి కరెంటు లేనప్పుడు ఎవడో ఒకడు తప్పు పెట్టె తెరుస్తాడు. నువ్వు బాగా చదువుతున్నావు, ఈసారి కొడతావులే.

మాజీ_హవల్దార్ | గురువారం, మధ్యాహ్నం 1:20

అన్నగారూ, మీ మాట తొంభై పాళ్లు ఒప్పుకుంటా, పది పాళ్లు ఒప్పుకోను. రైఫిలే లేకపోతే ఒక రోజు ఇరుక్కుంటారు. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలిస్‌లో ఇద్దరు బ్యాంకు దొంగలు ఒళ్లంతా కవచాలు కట్టుకుని రైఫిళ్లతో వచ్చారు. పోలీసుల పిస్టల్ గుండ్లు వాళ్లకి పూలదండల్లా తగిలాయి. చివరికి పక్కనున్న తుపాకుల కొట్లోంచి రైఫిళ్లు అడిగి తెచ్చుకున్నారు. డల్లాస్ బాబాయ్‌కి తెలిసే ఉంటుంది. అలాంటివాడు మన హైవే మీదికి వచ్చాడనుకోండి? అప్పుడు నా డబుల్ బారెల్ ఏ మూలకి?

పైన రంపచోడవరం, చింతూరు వైపు స్టేషన్లకి మీ లెక్క అసలు పనికిరాదు. అది అడవి, అక్కడ దూరం ఉంది.

పాత_ఆర్మరర్ | గురువారం, సాయంత్రం 5:30

ఏజెన్సీ వేరండి, అక్కడికి నేను చెప్పలేదు. ఆ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు గారు ఇరవయ్యారు తుపాకులు పట్టుకెళ్లారు. ఆయన స్టేషన్లకే ఎందుకెళ్లారు? తుపాకులు అక్కడుండబట్టే! ఆయనది వేరే ధర్మం, దండం పెడతాను. కానీ కాపలా లెక్క ఇప్పటికీ అదే. స్టేషన్లో ప్రతి రైఫిలూ ఒక సెంట్రీని తింటది. ఉన్నదే పిడికెడు మంది, ఒకళ్లు కోర్టుకి, ఇద్దరు బందోబస్తుకి, ఒకళ్లు సెలవు. మిగిలినోడు రైఫిల్ని కాయాలా, ఊరిని కాయాలా? రైఫిళ్లు సబ్ డివిజన్లో, వాటితో రోజూ కుస్తీ పట్టే పార్టీ చేతిలో ఉండాలి. పిలిస్తే అరగంటలో రావాలి.

మాజీ_హవల్దార్ | గురువారం, సాయంత్రం 5:52

ఆ అరగంట మీరు నాతో బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడండి అన్నగారూ, అప్పుడు మాట్లాడుకుందాం. స్టేషన్లో ఒక్కటైనా ఉండాలి. ఇది మాత్రం నేను వదలను.

ఖాకీచొక్కా | శుక్రవారం, రాత్రి 11:05

అందరికీ దండాలండి. కాగితం రాసేశాను. 9 ఎం.ఎం. పిస్టల్, పిడి కొలత మారేది. అదే గుండుకి బోల్టు మూసుకుని పేలే కార్బైన్. వానకి తడవని, లాగితే ఊడిరాని ఒర. హవల్దార్ గారి కోసం సెంట్రీకి ఒక ఇన్సాస్ ఉంచాను, ఆర్మరర్ గారు క్షమించాలి. మస్కెట్‌ని మ్యూజియానికి పంపమన్నాను. రెండో పేజీ సగం నూనె, గుడ్డ, ఇసుక పెట్టె, నెలకో ప్రాక్టీసు. "తుపాకీ ఇవ్వలేకపోతే రెండో పేజీ అయినా ఇవ్వండి" అని చివర రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఖాకీచొక్కా | రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:30

కొత్తవేవీ రాలేదండి, అప్పుడే వస్తాయా. కానీ పాత పిస్టల్‌తోనే నిన్న ప్రాక్టీసు పెట్టించారు. ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నలుగురం, తలా పది రౌండ్లు. ఆర్మరర్ గారు చెప్పినట్టు ఇసుక పెట్టె దగ్గర వేలు పెట్టి చూసి, పక్కవాడికి చూపించి మొదలెట్టాం. పదిన్నరకి కాల్చడం అయిపోయింది. ఖోఖాలు, అదే పేలిన గుండ్ల ఖాళీ తొడుగులు, ఏరితే ముప్పై తొమ్మిది! ఒకటి తక్కువ. లెక్క కుదరకపోతే తర్వాతి బ్యాచ్ కాల్చడానికి లేదు, ఎవరూ ఇంటికెళ్లడానికీ లేదు. ఇక మొదలైంది. గడ్డి పీకాం. గరిక దువ్వెనతో దువ్వినట్టు దువ్వాం. తాడు కట్టి చదరాలుగా విడగొట్టి వెతికాం. ఎలక కన్నంలో పుల్ల పెట్టి చూశాం. రెండో బ్యాచ్ వాళ్లు కూడా వచ్చి చేరారు. ఒంటిగంటకి తెచ్చిన పులిహోర మీద ఈగలు. మా హెడ్డు గారు, అదే మంచం తోసినాయన, అందరికంటే ఎక్కువగా వంగి వంగి వెతికారు. నడుం పట్టేసింది పాపం. రెండున్నరకి ఇక కాగితాలు రాసుకుందామని ఆయన కళ్లజోడు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టారు.

పక్కన కాల్చినవాడి పిస్టల్ ఖోఖాని కుడివైపు విసిరింది, ఆయన కుడిపక్కనే నిలబడ్డారు.

రెండో బ్యాచ్‌కి టైం చాల్లేదు. వచ్చే నెల అన్నారు.

పాత_ఆర్మరర్ | ఆదివారం, సాయంత్రం 4:52

ఆయ్. జేబు గుండీ పెట్టుకోలేదా అండీ ఆయన?